యాంకర్ టెక్స్ట్ ఎంత శాతం ఉండాలన్న ప్రశ్నకు నా సమాధానం

నమస్కారమండి. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. విశాఖపట్నం నుంచి అరకు, బొర్రా గుహలు, లంబసింగి వైపు కార్లు నడిపే మీ సంస్థకు ఒక వెబ్‌సైట్ ఉంది. దాన్ని గూగుల్‌లో పైకి తెస్తామన్న ఒక ఏజెన్సీ మీకు ఒక ఎక్సెల్ షీట్ పంపింది. అందులో 60 బ్లాగుల పేర్లు, ప్రతి బ్లాగులో మీ సైట్‌కు పెట్టబోయే లింకు, ఆ లింకు మీద కనిపించవలసిన మాటలు (యాంకర్ టెక్స్ట్) ముందుగానే రాసి ఉన్నాయి. 30 శాతం లింకుల మీద ‘వైజాగ్ టు అరకు టాక్సీ’ అనీ, 25 శాతం మీద ‘చవకైన అరకు కార్ బుకింగ్’ అనీ, మిగిలిన వాటి మీద మీ సంస్థ పేరు, ‘ఇక్కడ నొక్కండి’ వంటి మాటలూ ఉంటాయి. ఈ శాతాలు గూగుల్ దృష్టిలో సహజంగా కనిపిస్తాయా అన్నది మీ మొదటి ప్రశ్న. పోయిన సంవత్సరం మరొకరి చేత పెట్టించిన 11 లింకుల మీద ఒకే మాట ఉంది, వాటిని ఏం చేయాలన్నది రెండవది.

మొదటి దానికి నా సమాధానం సూటిగానే ఉంటుంది: సరైన శాతం అంటూ ఏదీ లేదు. గూగుల్ ఎన్నడూ అటువంటి లెక్క ప్రకటించలేదు. ఏజెన్సీలు చూపించే శాతాలు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ మీ పోటీదారుల లింకులను కూడి తీసిన సగటులు మాత్రమే. గతంలో జరిగినదాన్ని అవి కొలుస్తాయి తప్ప, ఏది జరగాలో చెప్పవు. పైగా ఆ షీట్‌లో నన్ను కలవరపెట్టినది శాతం కంటే ముందున్న విషయం. 60 మంది మీ గురించి ఏమని రాయాలో ఒకే గదిలో కూర్చున్న ఒకే మనిషి నిర్ణయించాడు. యాంకర్ టెక్స్ట్ సహజమా కాదా అన్నది తేల్చడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ మాటలను ఎవరు ఎంచుకున్నారు? ఈ సమాధానంలో మిగిలినదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ మాటలకు అంత విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తక్కినది సులువుగా అర్థమవుతుంది. ఒక పేజీలో లింకుగా మారి, నొక్కడానికి వీలుగా కనిపించే మాటలనే యాంకర్ టెక్స్ట్ అంటాము. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ సెర్చ్ ఇంజిన్‌ను వివరిస్తూ రాసిన పరిశోధనా పత్రంలో, ఒక పేజీ తన గురించి తాను చెప్పుకునే దానికంటే ఇతరులు దానికి లింకు ఇస్తూ రాసే మాటలు చాలాసార్లు దాన్ని మరింత సరిగ్గా వర్ణిస్తాయని గమనించారు. అందుకే లింకు మీది మాటలను ఆ లింకు ఉన్న పేజీకే పరిమితం చేయకుండా, అది చేరే పేజీకి కూడా జమ కట్టారు. ఈ ఆలోచన 1994 నాటి వరల్డ్ వైడ్ వెబ్ వర్మ్ అనే పాత సెర్చ్ సాధనంలోనే ఉందని కూడా వారే చెప్పారు. దీనివల్ల కలిగిన మేలు ఏమిటంటే, చిత్రం వంటి, లోపల చదవడానికి మాటలు లేని వాటిని సైతం, వాటి వైపు వేలు చూపిన మాటలను బట్టి వెతికి పట్టుకోవచ్చు.

ఈ పద్ధతి అంతా ఒక నమ్మకం మీద నిలబడింది. మన గురించి మనం చెప్పుకునే మాటకు, ఇరుగుపొరుగు చెప్పే మాటకు విలువ ఒకటి కాదని మనకు తెలుసు. పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు అబ్బాయి గురించి అతని బయోడేటాను చదివి ఊరుకోము. వీధిలో నలుగురిని అడుగుతాము. ఆ నలుగురూ ఒకే వాక్యాన్ని, ఒకే వరుసలో, ఒక్క మాట తేడా లేకుండా అప్పజెప్పితే మనకు అనుమానం వస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కు వచ్చే అనుమానం కూడా అటువంటిదే.

ఆ అనుమానం రావడానికి కారణాలు ఉన్నాయి. 2003లో కొందరు కూడబలుక్కుని, ‘దారుణ వైఫల్యం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలను లింకుగా పెట్టి, నాటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ జీవిత వివరాల పేజీకి కలిపారు. ఆ మాటలు ఆ పేజీలో ఎక్కడా లేకపోయినా, వాటిని వెతికిన వారికి గూగుల్ ఆ పేజీనే మొదట చూపించింది. అటువంటి ఫలితాలను తగ్గించే మార్పు చేశామని గూగుల్ 2007 జనవరిలో ప్రకటించింది. రాజకీయ పరిహాసంగా చేసినదే అంత పనిచేస్తే, వ్యాపారం కోసం చేసేవారు ఊరుకుంటారా? తరువాతి సంవత్సరాలలో డైరెక్టరీలు, వ్యాసాల గిడ్డంగులు, బ్లాగు వ్యాఖ్యలు అన్నిటా ఒకే కీవర్డ్‌తో (జనం వెతికేటప్పుడు టైప్ చేసే మాటతో) లింకులు నింపడం పరిశ్రమగా మారింది. 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్‌ను విడుదల చేసింది. కృత్రిమంగా పేర్చిన లింకులతో పైకి వచ్చిన సైట్లు దానితో కిందికి జారిపోయాయి.

ఆ రోజులను నేను దగ్గరగా చూశాను. 2011లో ద్వారకానగర్‌లోని ఒక చిన్న ఆఫీసులో ఈ పని నేర్చుకుంటూ, నగరంలోని ఒక కోచింగ్ సెంటర్ సైట్‌కు లింకులు పెట్టే బాధ్యత తీసుకున్నాను. ప్రతిరోజూ డైరెక్టరీలలో సైట్ వివరాలు నింపడం, అన్నిచోట్లా లింకు మీద ఒకే మూడు మాటలు రాయడం నా పని. కొన్ని నెలల్లో ఆ సైట్ మొదటి పేజీకి వచ్చింది. యజమాని మా ఆఫీసుకు స్వీట్లు పంపారు. మరుసటి ఏప్రిల్‌లో, సరిగ్గా అడ్మిషన్ల ముందు, అది ఎక్కడా కనిపించకుండా పోయింది. ఆ వేసవి అంతా నేను డైరెక్టరీల నిర్వాహకులకు లింకు తీసేయమని ఉత్తరాలు రాస్తూ గడిపాను. ఎక్కువమంది జవాబు ఇవ్వలేదు. లింకులను లెక్కలోకి తీసుకోవద్దని మనమే చెప్పుకునే డిసావో సాధనాన్ని గూగుల్ ఆ అక్టోబరులో ఇచ్చింది కానీ, అప్పట్లో పెంగ్విన్ దెబ్బ తగిలిన సైట్ తేరుకోవాలంటే తరువాతి విడుదల దాకా ఆగవలసి వచ్చేది. ఆ యజమాని మమ్మల్ని నమ్మి డబ్బు ఇచ్చారు. వారికి ఒక సీజన్ పోయింది. ఆ పని చేసింది నా చేతులే కాబట్టి, మీ షీట్ చూసినప్పుడు ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఇప్పటి పరిస్థితి అప్పటిలా లేదన్నది కూడా నిజమే. 2016 సెప్టెంబరులో పెంగ్విన్ గూగుల్ ప్రధాన అల్గారిథమ్‌లో భాగమైంది. అప్పటి నుంచి అది సైట్ మొత్తాన్ని కిందికి నెట్టడం కంటే, చెడ్డ లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం వైపు మొగ్గింది. 2022 డిసెంబరు అప్‌డేట్‌లో స్పామ్‌ను పసిగట్టే స్పామ్‌బ్రెయిన్ అనే వ్యవస్థను లింకుల కోసం కూడా వాడుతున్నామని గూగుల్ చెప్పింది. మీ ఏజెన్సీ దీన్ని పట్టుకుని, ‘పోతే లెక్కలోకి రావు, అంతే కదా, నష్టమేముంది’ అనవచ్చు. లెక్కలోకి రాని 60 లింకులకు మీరు డబ్బు కడుతున్నారన్నదే మొదటి నష్టం. రెండవది, గూగుల్ ఉద్యోగులు సైట్‌ను స్వయంగా చూసి తీసుకునే మాన్యువల్ చర్య ఇప్పటికీ ఉంది. అది పడితే, సైట్ యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో నోటీసు వస్తుంది, లింకులు తొలగించి పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవాలి. నాలుగు కార్లు నడుపుకునే సంస్థ మీద అంత భారం మోపడం న్యాయం కాదు.

మరి సహజమైన మాటలు ఎలా ఉంటాయి? మన ఊరినే చూడండి. ఇదే ఊరిని కాగితాల మీద విశాఖపట్నం అంటాము, పత్రికలు విశాఖ అంటాయి, బస్సులో పక్కనున్నవారు వైజాగ్ అంటారు, పెద్దవారు కొందరు ఇంకా వాల్తేరు అంటారు. ద్వారకా బస్ స్టేషన్ అన్న అధికారిక పేరుతో ఆటో ఎక్కేవారు ఎందరుంటారు? కాంప్లెక్స్ అంటే చాలు. బీచ్ రోడ్డులోని ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియం దగ్గర కలుద్దామనుకునేవారు ‘సబ్‌మెరైన్ దగ్గర ఉంటాను’ అంటారు. ఒకే చోటుకు ఇన్ని పిలుపులు ఎవరూ పథకం వేసి పంచినవి కావు. చెప్పేవారు, వినేవారు, సందర్భం మారిన కొద్దీ మాట మారింది. ఒక సైట్‌కు తమంతట తాము లింకు ఇచ్చే మనుషులు కూడా అలాగే చేస్తారు. ఒకరు సంస్థ పేరు రాస్తారు, ఒకరు పేరును తప్పుగా రాస్తారు, ఒకరు వెబ్ చిరునామానే అతికిస్తారు, ఒకరు ‘మొన్న మేము వెళ్లిన కారు వీళ్లదే’ అంటారు, మరొకరు ‘ఇది చూడండి’ అంటారు. ఎక్కువమంది పేరే వాడతారు, ఎందుకంటే మనుషులు దేన్నైనా ముందు పేరుతోనే పిలుస్తారు. ‘చవకైన అరకు కార్ బుకింగ్’ అని నోరారా పలికే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ ఒక పొరపాటు ఆలోచనను తప్పించాలి. ఇంత వైవిధ్యం ఉంటే సహజంగా కనిపిస్తుంది కదా అని, షీట్‌లో తప్పుడు స్పెల్లింగులను, ‘ఇది చూడండి’లను కూడా చేర్చి పంచే ఏజెన్సీలు ఉన్నాయి. లింకు ఉన్న బ్లాగు నాణ్యత, ఆ బ్లాగు ఇంకా ఎవరెవరికి ఏయే లింకులు ఇస్తోంది, ఆ వాక్యం చుట్టూ ఏముంది అన్నవి అప్పటికీ బయటపడే ఉంటాయి. ఒకే వ్యాసంలో ఒక పేరా మీ టాక్సీ గురించి, తరువాతిది ఏదో రుణ యాప్ గురించి, ఆ తరువాతిది జుట్టు మార్పిడి గురించి ఉంటే, మీ లింకు మీది మాటలు ఎంత సహజంగా రాసినా ఫలితం ఉండదు.

కాబట్టి బయటి లింకుల విషయంలో నా పద్ధతి ఇది. వివరాలు మీరే నింపే చోట, అంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, వ్యాపార డైరెక్టరీలు, సోషల్ మీడియా పేజీలలో, మీ సంస్థ పేరు ఎలా నమోదై ఉందో అలాగే రాయండి. పేరు పక్కన కీవర్డ్ తగిలించకండి. అరకులో మీతో కలిసి పనిచేసే హోమ్‌స్టే యజమాని తన సైట్‌లో మీ గురించి పెడతానంటే, పేజీ చిరునామా ఇచ్చి, ఏమని రాయాలో వారికే వదిలేయండి. ‘ఏం రాయమంటారు?’ అని వారు అడిగితే, ఆ పేజీలో ఏముందో చెప్పండి: ‘ఘాట్ రోడ్డులో ఆగదగ్గ చోట్ల వివరాలు, బండ్ల ధరలు అందులో ఉన్నాయండి.’ వారు దాన్ని తమ మాటల్లో పెట్టుకుంటారు. అసలైన భాగస్వాములు ఒకరికొకరు లింకు ఇచ్చుకోవడంలో తప్పు లేదు. ఊరూ పేరూ తెలియని సైట్లతో లింకులు మార్చుకునే బేరం పెట్టుకుంటేనే అది గూగుల్ నిషేధించిన జాబితాలోకి వెళుతుంది.

డబ్బు చేతులు మారిన లింకుకు నియమం వేరు. అటువంటి లింకు కోడ్‌లో రెల్ అనే లక్షణానికి ‘స్పాన్సర్డ్’ అన్న విలువ పెట్టించాలి. లింకును సిఫారసుగా లెక్కించవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పేందుకు 2005 నుంచి ఉన్న ‘నోఫాలో’కు తోడుగా 2019 సెప్టెంబరులో ఇది వచ్చింది, పాఠకులు రాసే వ్యాఖ్యల కోసం ‘యూజీసీ’ కూడా అప్పుడే వచ్చింది. డబ్బు అంటే నోట్లే కానక్కరలేదని గమనించండి. ఒక ట్రావెల్ బ్లాగర్‌ను ఉచితంగా అరకు తిప్పి తీసుకువచ్చి, బదులుగా లింకు అడిగితే అదీ ఇందులోకే వస్తుంది. తిప్పకూడదని నేను అనడం లేదు. మంచి బ్లాగర్ రాసిన నిజాయితీ గల అనుభవం చదివి ఫోన్ చేసేవారు ఉంటారు. ఆ లింకుకు గుర్తు పెట్టించండి, మాటల ఎంపికను వారికే విడిచిపెట్టండి, అంతే. మీరే వేరే చోట అతిథి వ్యాసం రాస్తే, చివర మీ పేరు, సంస్థ పేరు దగ్గర లింకు ఇస్తే సరిపోతుంది. వ్యాసం మధ్యలో కీవర్డ్ లింకులు ఇరికించి ఊరంతా పంచడం గూగుల్ తన స్పామ్ విధానాలలో పేరుపెట్టి చెప్పిన ఉదాహరణ. అవసరమనిపించి మధ్యలో లింకు పెడితే, లింకు తీసేసినా ఆ వాక్యం పాఠకుడికి పనికొచ్చేదిగా నిలబడుతుందేమో చదివి చూసుకోండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తాను. యాంకర్ టెక్స్ట్‌ను న్యాయంగా, పూర్తిగా మీరే ఎంచుకోగల చోటు ఒకటి ఉంది. అది మీ సొంత సైట్. మీ పేజీల మధ్య లింకుల మీద ఏ మాటలుండాలో నిర్ణయించే హక్కు మీదే, ఆ పని శ్రద్ధగా చేయమని గూగుల్ మార్గదర్శకాలే ప్రోత్సహిస్తాయి. వివరంగా, క్లుప్తంగా, లింకు ఉన్న పేజీకీ అది చేరే పేజీకీ సంబంధించి ఉండాలని వారు చెబుతారు. వారే సూచించిన ఒక పరీక్ష నాకు బాగా ఉపయోగపడింది: చుట్టూ ఉన్న వాక్యాన్ని చేత్తో మూసి, లింకు మాటలను మాత్రమే చదివితే అది ఎక్కడికి తీసుకెళుతుందో తెలియాలి. మీ సైట్ ముందు పేజీలో నేను లెక్కపెడితే ‘ఇక్కడ నొక్కండి’ 7 సార్లు, ‘మరిన్ని వివరాలు’ 5 సార్లు ఉన్నాయి. కళ్లు కనిపించని వారు వాడే స్క్రీన్ రీడర్‌లో పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా వినే సౌకర్యం ఉంటుంది. మీ పేజీ వారికి ‘ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, మరిన్ని వివరాలు’ అని వినిపిస్తుంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యు3సీ సంస్థ ఈ మాటను లింకుగా వాడవద్దని 2001లోనే సూచించింది. సెర్చ్ ఇంజిన్ సంగతి అలా ఉంచి, ఆ వినేవారి కోసమైనా దీన్ని మార్చాలి.

తెలుగు సైట్లలో ‘ఇక్కడ నొక్కండి’ ఇంతగా పాతుకుపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ‘ధరల కోసం’ అని మొదలుపెట్టగానే, వాక్యం ముగించడానికి ‘ఇక్కడ చూడండి’ అనే తోక తనంతట తానే వచ్చి చేరుతుంది, లింకు ఆ తోక మీద పడుతుంది. దీనికి విరుగుడు కూడా మన భాషలోనే ఉంది. క్రియను విశేషణంగా మార్చి ముందుకు తీసుకురండి. ‘వర్షాకాలంలో ఘాట్ రోడ్డు ప్రయాణం గురించి తెలుసుకోవడానికి ఇక్కడ నొక్కండి’ అన్నదాన్ని ‘వర్షాకాలంలో ఘాట్ రోడ్డు మీద పాటించవలసిన జాగ్రత్తలు వేరే పేజీలో రాశాము’ అని మార్చి, ‘వర్షాకాలంలో ఘాట్ రోడ్డు మీద పాటించవలసిన జాగ్రత్తలు’ అన్నంతవరకు లింకు చేయండి. వాక్యం తెలుగులా ఉంటుంది, లింకు తన గమ్యాన్ని తానే చెబుతుంది.

విభక్తుల సంగతి దీని తరువాతది. కీవర్డ్ సాధనంలో దొరికిన పదాల వరుసను ఉన్నది ఉన్నట్టు లింకులో పెట్టాలని చూస్తే, ‘మా వద్ద విశాఖపట్నం అరకు టాక్సీ ధర తక్కువ’ వంటి వాక్యాలు పుడతాయి. ఇది ఎవరి తెలుగూ కాదు. ‘విశాఖ నుంచి అరకుకు టాక్సీ ధరలు’ అని రాయండి; ‘నుంచి’, ‘కు’ చేరినంత మాత్రాన సెర్చ్ ఇంజిన్‌కు అర్థం తప్పిపోదు. లింకు సరిహద్దు దగ్గర మరొక జాగ్రత్త ఉంది. ‘ధరల పట్టికలో’ అన్న మాటలో ‘ధరల పట్టిక’ వరకు లింకు చేసి ‘లో’ను బయట వదిలేస్తే, మాట మధ్యలో రంగు మారి చూడటానికి విరిగినట్టు ఉంటుంది, స్క్రీన్ రీడర్ కూడా దాన్ని రెండు ముక్కలుగా చదవవచ్చు. ప్రత్యయాన్ని మాటతోపాటే లింకులో ఉంచండి.

లిపి విషయంలో చాలామందికి భయం ఉంటుంది. మన వాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు కాబట్టి తెలుగు పేజీలో కూడా ఇంగ్లీషు అక్షరాల కీవర్డ్‌నే లింకుగా పెట్టాలంటారు. తెలుగు వాక్యం తెలుగులోనే ఉండనివ్వండి. మీకు ఇంగ్లీషు పేజీ వేరుగా ఉంటే దానిలో ఇంగ్లీషు మాటలు వాడండి, ఒకదాని నుంచి మరొకదానికి లింకు ఇస్తూ ‘ఇంగ్లీషులో చదవండి’ అని చెప్పండి. వెబ్ చిరునామా విషయంలో మాత్రం నేను వేరే సలహా ఇస్తాను. చిరునామాలో తెలుగు అక్షరాలు ఉంటే, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి చిహ్నాలుగా మారిపోతుంది. ‘విశాఖ’ అన్న ఒక్క మాట 45 చిహ్నాల చాంతాడు అవుతుంది. మీకు సహజంగా వచ్చే లింకులలో చాలా వరకు ఇలా చిరునామా అతికించినవే ఉంటాయి కాబట్టి, చిరునామాను ఇంగ్లీషు అక్షరాలతో పొట్టిగా, చదవగానే అర్థమయ్యేలా ఉంచండి. అప్పుడు అతికించిన చిరునామా కూడా పేజీలో ఏముందో చెబుతుంది.

మీ సైట్‌లోనే నేను గమనించిన మరి రెండు విషయాలు. ఒక రోజు ప్రయాణం పేజీకీ, ఒక రాత్రి బస ఉన్న ప్రయాణం పేజీకీ మీరు ‘అరకు ప్యాకేజీ’ అనే ఒకే మాటతో లింకు ఇచ్చారు. రెండు వేర్వేరు గమ్యాలకు ఒకే బోర్డు పెట్టిన బస్సుల్లా అవి పాఠకుడిని తికమక పెడతాయి. ‘అరకు ఒక రోజు ప్రయాణం’, ‘అరకులో రాత్రి బసతో రెండు రోజుల ప్రయాణం’ అని విడదీయండి. ఒకే పేజీకి వేర్వేరు చోట్ల కొద్దిగా వేరు మాటలతో లింకు ఇస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. రెండవది, మీ ధరల పట్టిక ఫ్లెక్సీ కోసం తయారు చేయించిన బొమ్మ. దాన్ని నొక్కితే బుకింగ్ పేజీ తెరుచుకుంటుంది, కానీ ఆ బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో కోడ్‌లో మాటలతో చెప్పే వివరణ) లేదు. బొమ్మ లింకుగా ఉన్నప్పుడు గూగుల్ దాని ఆల్ట్ టెక్స్ట్‌నే యాంకర్ టెక్స్ట్‌గా తీసుకుంటుంది. అది ఖాళీగా ఉంటే ఆ లింకు మూగది. ‘విశాఖ నుంచి అరకు, బొర్రా, లంబసింగి కార్ల ధరల పట్టిక’ అని అందులో రాయించండి. వీలైతే ధరలను అక్షరాలలో కూడా పెట్టండి.

మరీ ఎక్కువ చేయడం కూడా వద్దు. ఒకే పేరాలో నాలుగు లింకులు పక్కపక్కనే అంటుకుని ఉంటే ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. మూడు పంక్తుల పొడవున వాక్యమంతా లింకు చేసినా అంతే. పేజీ కింద అడుగు భాగంలో ‘గాజువాక అరకు టాక్సీ’, ‘మధురవాడ అరకు టాక్సీ’, ‘ఎంవీపీ కాలనీ అరకు టాక్సీ’ అంటూ పేర్చిన పాతిక లింకులను తీసేయండి. వాటిని చదివే మనిషి లేడు.

ఏజెన్సీకి ఇవ్వబోయే డబ్బుతో ఏం చేయవచ్చో కూడా చెబుతాను, ఎందుకంటే ఇతరులు తమ మాటల్లో లింకు ఇవ్వాలంటే వారికి ఇవ్వదగ్గ పేజీ ఒకటి ఉండాలి. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ చేర్చిన తరువాత, వెళ్లేటప్పుడు రైలులో సొరంగాలు చూసుకుంటూ వెళ్లి, తిరుగు ప్రయాణం కారులో చేయాలనుకునేవారు ఎందరో ఉన్నారు. అరకు స్టేషన్‌లో దిగాక కారు ఎక్కడ ఎక్కాలి, బొర్రా గుహలు ముందా, చాపరాయి ముందా, శృంగవరపుకోట వైపు ఘాట్ ఎన్ని గంటలకల్లా దిగితే చీకటి పడకుండా ఉంటుంది, వాంతుల ఇబ్బంది ఉన్న పిల్లలతో ఎక్కడ ఆగాలి అన్నవి మీ డ్రైవర్లకు తెలిసినంతగా ఏ కంటెంట్ రచయితకూ తెలియవు. వారిని కూర్చోబెట్టి అడిగి, ఒక పేజీ రాయించండి. మలుపుల ఫోటోలు మీవే పెట్టండి. రైలు టికెట్ల గురించి రాసేవారు, అరకు కాఫీ గురించి రాసేవారు, పిల్లలతో ప్రయాణాల గురించి రాసేవారు దానికి లింకు ఇస్తూ ఏమంటారో మీరూ నేనూ ముందుగా ఊహించలేము. అటువంటి మాటల కోసమే సెర్చ్ ఇంజిన్ వెతుకుతుంది.

చివరిగా మీ 11 లింకుల సంగతి. ముందు సెర్చ్ కన్సోల్ తెరిచి, మాన్యువల్ చర్యల పేజీలో నోటీసు ఏదైనా ఉందేమో చూడండి. తరువాత లింకుల నివేదికలో బయటి సైట్లు మీకు లింకు ఇస్తూ వాడిన మాటల జాబితా ఉంటుంది. అందులో ఆ ఒక్క పదబంధం మిగతావాటి మధ్య ఎక్కడ నిలిచిందో గమనించండి. నోటీసు లేకపోతే కంగారు పడవద్దు. డిసావో సాధనం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మాన్యువల్ చర్య పడినవారి కోసం, లేదా పడేంతగా కృత్రిమ లింకులు పోగుపడినవారి కోసం అది ఉంది, పొరపాటున మంచి సైట్లను అందులో చేర్చితే మీకే నష్టం. ఆ 11 లింకులు పెట్టినవారి ఫోన్ నంబరు మీ దగ్గర ఇంకా ఉంటుంది కదా. వారిని పిలిచి, వీలైనవాటిని తొలగించమనండి. తొలగించడం కుదరదన్న చోట, మీరు డబ్బు కట్టి పెట్టించినవే కాబట్టి, ‘స్పాన్సర్డ్’ గుర్తు పెట్టి, లింకు మీది మాటలను మీ సంస్థ పేరుగా మార్చమనండి. వారు ఏది చేశారో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా నోటీసు వస్తే పునఃపరిశీలన అర్జీలో చూపించడానికి అది పనికొస్తుంది. 60 బ్లాగుల షీట్‌కు మాత్రం ఈ వారంలోనే వద్దని జవాబు పంపండి, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు కాబట్టి.